పాస్‌పోర్టు సంగతి సరే, పొలం ఎవరి పేర ఉంది?

ప్రశ్న: మేం బ్రిటన్‌లోని రెడింగ్‌లో ఉంటాం. ఐఎల్‌ఆర్ (గడువు లేకుండా ఇక్కడ ఉండే అనుమతి) వచ్చి ఏడాది దాటింది, బ్రిటిష్ పౌరసత్వానికి అప్లై చేస్తున్నాం. ఇండియన్ పాస్‌పోర్టు కూడా ఉంచుకోవచ్చా? జనగామ దగ్గర రెండెకరాలు నాన్న నా పేర రాస్తానంటున్నారు. అమ్మానాన్నలు ఎండాకాలంలో ఇక్కడికొచ్చి ఆరు నెలలుంటారు. వాళ్ళకు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) వర్తిస్తుందా?

జవాబు: మూడు అడిగారు గానీ, డబ్బు మునిగేది రెండోదాంట్లోనే. మొదటిది త్వరగా తేల్చేస్తాను.

రెండు పాస్‌పోర్టులు కుదరవు. బ్రిటన్‌కు అభ్యంతరం లేదు, మన దేశానికే ఉంది. కౌన్సిల్ హాల్లో బ్రిటిష్ పౌరసత్వ ప్రమాణం చేసిన రోజే 1955 పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాత పాస్‌పోర్టుకు ఇంకా గడువుంది కదా అని దాని మీద ఊరెళ్ళొస్తే జరిమానా. ముందు బ్రిటిష్ పాస్‌పోర్టు, తర్వాత వీఎఫ్‌ఎస్ (పాస్‌పోర్టు, వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా పాతది సరెండర్ చేయడం, ఆ సర్టిఫికెట్‌తో ఓసీఐ (విదేశీ పౌరులైన భారత మూలాల వారికిచ్చే కార్డు). వరస ఇదే. ప్రమాణానికీ ఓసీఐకీ మధ్య ఇండియా టికెట్లు బుక్ చేయకండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అప్లై చేయకముందే సరిచేయించుకోండి. మనవాళ్ళ ఫైళ్ళు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గరే.

ఇక పొలం. బ్రిటిష్ పౌరులయ్యాకే వ్యవసాయ భూమి కొనకూడదని చాలామంది అనుకుంటారు. కాదు. ఉద్యోగానికని విమానం ఎక్కి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) లెక్కలో నాన్-రెసిడెంట్ అయినప్పటి నుంచే ఆ నిషేధం ఉంది. ఎన్నారైకైనా ఓసీఐకైనా రూలు ఒకటే: ఇల్లు, ఫ్లాటు, సాగు భూమి నుంచి ఇళ్ళ స్థలంగా కన్వర్షన్ అయిన ప్లాటు కొనుక్కోవచ్చు. సాగు భూమి, ఫామ్‌హౌస్, తోట కొనకూడదు. గుంటల లెక్కన శ్రీగంధం మొక్కలతో అమ్మే ‘ఫామ్ ప్లాట్లు’ కూడా రికార్డులో సాగు భూమే. రిజిస్ట్రేషన్ జరిగిపోయింది కాబట్టి సక్రమమేననుకోకండి. పట్టుబడితే ఫెమా కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. తమ్ముడి పేర, బావమరిది పేర కొంటే బినామీ చట్టం మెడకు చుట్టుకుంటుంది.

మీ నాన్నగారి విషయంలో మెలిక ఇక్కడుంది. గిఫ్ట్ డీడ్‌తో సాగు భూమి మీకివ్వడం కుదరదు, తండ్రి ఇచ్చినా సరే. వారసత్వంగా వస్తే మాత్రం కుదురుతుంది. కాబట్టి ఆయన చేత వీలునామా రాయించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులు పట్టాదారు పాస్‌బుక్‌తో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. తేడా ఉంటే ఆయన ఓపికగా తిరగగలిగినప్పుడే భూభారతిలో (తెలంగాణ భూ రికార్డుల పోర్టల్) దిద్దించండి. తర్వాత మీరు అమ్మాలనుకుంటే ఇండియాలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి. డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్నారైలు ఇండియాలో వచ్చే డబ్బు వేసుకునేది) పడుతుంది. అక్కడి నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పన్ను ఫారాలు పెట్టి బయటికి తెచ్చుకోవచ్చు.

ఫ్లాటు అమ్మేటప్పుడు ఇంకో దెబ్బ. అమ్మేవారు రెసిడెంట్ అయితే యాభై లక్షలు, ఆపైన ధర ఉంటే కొనేవాడు పన్ను కింద 1 శాతం కోస్తాడు. నాన్-రెసిడెంట్ అయితే ఆ 1 శాతం లెక్క లేదు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, పైన సర్‌చార్జి, సెస్సు. మీ లాభమెంతో తెలియదు కాబట్టి మామూలుగా మొత్తం ధర మీదే కోసేస్తారు. అగ్రిమెంటుకు ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ డబ్బు రీఫండ్ దాకా ఇరుక్కోదు. ఊళ్ళో పనికి పవరాఫ్ అటార్నీ ఇస్తే ఆ ఒక్క ఫ్లాటుకీ, ఆ ఒక్క పనికీ పరిమితం చేసి ఇవ్వండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

విదేశంలో సంపాదించి ఇండియా బ్యాంకులో వేసుకునే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి పన్నులేదనే మాట ఇండియాకే చెల్లుతుంది. బ్రిటన్‌లో అది మీ ఆదాయమే, సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో (ఇక్కడి పన్ను రిటర్ను) చూపాలి. ఇండియా బ్యాంకుల్లోని మన ఖాతాల వివరాలు హెచ్‌ఎంఆర్‌సీకి (బ్రిటన్ పన్ను శాఖ) వాటంతటవే చేరుతున్నాయి. 2025 ఏప్రిల్ 6 నుంచి విదేశీ ఆదాయంలో బ్రిటన్‌కు తెచ్చుకున్నదానికే పన్ను కట్టే పాత రెమిటెన్స్ పద్ధతి కూడా పోయింది. ఇక్కడికి రాకముందు వరసగా పదేళ్ళు బ్రిటన్ పన్ను రెసిడెంట్ కానివారికి మొదటి నాలుగేళ్ళు విదేశీ ఆదాయంపై మినహాయింపు ఉంది. దాన్ని అడిగి తీసుకోవాలి, తీసుకుంటే పర్సనల్ అలవెన్స్ (పన్ను పడని కనీస ఆదాయం) వదులుకోవాలి. మా రోజుల్లో ఇవి చెప్పేవాళ్ళే లేరు, అయినా నెగ్గుకొచ్చాం. మీకు అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి, చదవడానికే బద్ధకం.

వైద్యం. ఎన్‌హెచ్‌ఎస్ చూసేది పాస్‌పోర్టును కాదు, ఇక్కడ స్థిరంగా ఉంటున్నారా లేదా అన్నది. రేపు మీరు హైదరాబాద్‌లో స్థిరపడి, మోకాలి ఆపరేషన్‌కని ఇక్కడికొస్తే బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా బిల్లు వేస్తారు. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకు జీపీ (ఫ్యామిలీ డాక్టరు) సంప్రదింపు, క్యాజువాలిటీలో చికిత్స ఉచితం. వార్డులో చేర్చారంటే మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు పడుతుంది. 500 పౌండ్లు, ఆపైన బాకీ ఉంటే తర్వాతి వీసాకు అడ్డొస్తుంది. బయల్దేరే ముందే ఇన్సూరెన్స్ కొనండి. నాన్నగారికి బీపీ, షుగరు ఉంటే దాచకుండా ఫారంలో రాయించండి. పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తారో పాలసీ కాగితంలో మీరే చదవండి, ఏజెంటు నోటిమాట నమ్మకండి. మందుల చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించి తెమ్మనండి, ఇక్కడి జీపీకి అదే అర్థమవుతుంది.