టెక్ సందేహాలు: బేరింగ్ ఎందుకు పోతోందో ఫోన్ చెబుతుందా?

ప్రశ్న: ఆదోనిలో మాది జిన్నింగ్ మిల్లు. దూదిని లాగే బ్లోయర్‌కు రెండు నెలలకోసారి బేరింగ్ మారుస్తున్నాం. సీజన్‌లో ఒక్కరోజు ఆగినా గేటు దగ్గర పత్తి బండ్లు నిలిచిపోతాయి, ఒకటే టెన్షన్. మోటారు 15 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం, కప్లింగ్‌తో నేరుగా కలిపారు. వైబ్రేషన్ ఫోన్‌లోనే చూడొచ్చా, సెన్సర్ కొనాలా?

జవాబు: ముందు ఫోన్‌తో చూడండి. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఉచితం. అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ (సెకనుకు ఎన్నిసార్లు ఊగే కదలిక ఎంత గట్టిగా ఉందో చూపే గ్రాఫ్) తెరిచి, ఫోన్‌ను బేరింగ్ హౌసింగ్ (బేరింగ్ కూర్చునే ఇనుప గూడు) కాలి మీద డబుల్‌సైడ్ టేపుతో అంటించండి. చేత్తో పట్టుకుంటే చేతి వణుకు కూడా కలుస్తుంది.

మోటారు నిమిషానికి తిరిగే 1440 చుట్లను 60తో భాగిస్తే 24, అంటే సెకనుకు 24 చుట్లు. సెకనుకు ఇన్నిసార్లు అనేదాన్నే హెర్ట్జ్ అంటారు. గ్రాఫ్‌లో 24 హెర్ట్జ్ దగ్గర ఒక్క గీతే నిటారుగా లేస్తే ఫ్యాన్ బ్యాలెన్స్ తప్పినట్టు అనుమానించాలి. 48 దగ్గరా గట్టిగా ఉంటే కప్లింగ్ అలైన్‌మెంట్, అంటే మోటారు, బ్లోయర్ ఇరుసులు ఒకే వరసలో ఉన్నాయా అని చూడాలి. 24, 48, 72 అంటూ వరసగా లేస్తే పునాది బోల్టులు బిగించి చూడండి.

నా అనుమానం మొదటిదాని మీదే. ఒక మిల్లులో బ్లోయర్ మూత తీసినప్పుడు దగ్గరుండి చూశాను. రెండు రెక్కల వీపున దూది నుసి, జిడ్డు కలిసి ఎండిన జొన్నరొట్టెలా గట్టిపడింది. మిగతా రెక్కలు నున్నగా ఉన్నాయి. గోకితే దోసెడు వచ్చింది. ఆ బరువే నిమిషానికి 1440 సార్లు బేరింగ్‌ను గుద్దుతూ ఉంటుంది. అది తీయకుండా ఎన్ని కొత్త బేరింగులు వేసినా నిలవవు. గోకే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి మీ జేబులో వేసుకోండి. ఈ ఒక్క విషయంలో తొందర వద్దు.

ఫోన్‌కూ హద్దుంది. యాప్‌కు సెకనుకు 200 కొలతలే అందే ఫోన్‌లో అందులో సగం, అంటే 100 హెర్ట్జ్ దాటింది కనబడదు. గోళీల దారిలో పగులు మొదలైతే దాని జాడ వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది. దానికి మీ మిస్త్రీ స్క్రూడ్రైవర్ కొనను బేరింగ్‌కు, పిడిని చెవికి ఆనించి వినే పద్ధతే మేలు.

కొనాలనుకుంటే ముందు పెన్నులాంటి వైబ్రేషన్ మీటరు కొనండి. యంత్రాల వైబ్రేషన్‌కు పాత అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 10816 లెక్కలో 15 కిలోవాట్ల లోపు యంత్రాలకు (మీ 15 హెచ్‌పీ మోటారు సుమారు 11 కిలోవాట్లు) వైబ్రేషన్ వేగం సెకనుకు 1.8 మిల్లీమీటర్ల వరకు పరవాలేదు, 4.5 దాటితే ఆపాల్సిందే. వారానికోసారి అదే చోట, అదే లోడులో కొలిచి గోడమీది క్యాలెండర్‌లో రాయండి. వైర్‌లెస్ సెన్సర్ అమ్మేవాళ్లు వస్తే, ఎన్ని హెర్ట్జ్ దాకా పట్టుకుంటుందో మొదట అడగండి. వెయ్యి దగ్గరే ఆగిపోయేది బేరింగ్ కోసమని కొనకండి.