బియ్యం డబ్బాలో దాచిన ఫ్రేమ్

తమ్ముడూ,

మన దళిత క్రైస్తవుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. "సామాజిక న్యాయం" అన్న మాట పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. మనిషి మాత్రం ఒక్కడూ కనబడలేదు. క్రిస్మస్‌కి ఎమ్మెల్యే గారొచ్చి కేక్ కోసిన సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు కథ అక్కడే ఉంది కదయ్యా! ఆయన కోసం ముందు వరస కుర్చీల్లోంచి ఎవర్ని లేపారు, శ్మశానం దారి కోసం అర్జీ పట్టుకొచ్చినవాళ్లని గుమ్మం దగ్గర ఆపిందెవరు? అది రాయి.

బైబిల్లో ఆమోసు ప్రవక్త మాటతో మొదలుపెట్టావు, నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి అని. వినీ వినీ ఆ వాక్యానికి మన చెవులు అలవాటు పడిపోయాయి. ఎక్కడి నీళ్లో చూపించు. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. కూటి కోసం మతంలోకొచ్చారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న, ఒక్క రోజులో, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మానికి మునిగి లేచారు. మన ప్రసంగాల్లో ఈ అంకె చెప్పి ఆమెన్ అనిపిస్తారు. అంతకు పదేళ్లకు పైగా ముందు ఒంగోలు పెద్ద కులాలవాళ్లు కొందరు, మాదిగల్ని చేర్చుకుంటే మేం రామంటే దొర మాదిగల వైపే నిలబడ్డాడన్నది మాత్రం తక్కువమంది చెప్తారు. తోలుపని ఇంట్లో పుట్టిన ఎర్రగుంట్ల పేరయ్య ఊరూరూ నడిచి చెప్పిన సంగతి ఇంకా తక్కువ.

ఇక చట్టం. ఎస్సీలెవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మనం మాత్రం ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లని పెట్టే బీసీ-సీలో ఉండిపోయాం. కారంచేడులో 1985 జూలై 17న దళితుల్ని నరికినవాళ్లు ఎవరి మెళ్లో శిలువ ఉందో చూడలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకో. వ్యాఖ్యానం వద్దు.

నా సంగతొకటి చెప్తాను. పదో తరగతి అయిన ఎండాకాలం. నా ఎస్సీ కుల సర్టిఫికెట్ విచారణకు ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వస్తున్నాడని కబురొచ్చింది. మా అమ్మ స్టూలెక్కి, "క్రీస్తే ఈ గృహమునకు అధిపతి" అన్న ఫ్రేమ్ దించి, కొంగుతో తుడిచి, బియ్యం డబ్బాలో పెట్టి పైన బియ్యం కప్పింది. చుట్టూ గోడ పొగచూరి ఉంది, ఫ్రేమ్ ఉన్నంత మేర మాత్రం తెల్లగా మిగిలింది. ఆయన ఆ తెలుపునే చూశాడు. ఏమీ అడగలేదు. నాన్న యాభై రూపాయలు చేతిలో పెట్టాడు. ఆ రాత్రి అమ్మ ఆ బియ్యమే వండింది. తినేముందు ప్రార్థన చెయ్యమంటే నాన్న మాట్లాడకుండా కంచం దగ్గరికి లాక్కున్నాడు.

ఇది రాయడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది. సంఘంలో ఏమంటారో, ఉద్యోగం ఏమవుతుందోనని టెన్షన్. అందుకే నీకు గట్టిగా చెప్పేది ఒకటుంది: నీకు ధైర్యముందని పక్కవాడి సర్టిఫికెట్ బయటపెట్టకు. ఊరు మార్చు, పేరు మార్చు, ఆ ఇంట్లో పిల్లకి ఇంకా ప్రభుత్వం నుంచి ఫీజు రావాలి.

ప్రభుత్వాన్ని తిట్టడం నీకు బాగానే వచ్చు. మరి మన పక్క ఊళ్లల్లో లూథరన్ గుడి మాలపల్లెలో, బాప్టిస్టు గుడి మాదిగపల్లెలో ఎందుకున్నాయి? రెండింటికీ ప్రభువు బల్ల ఒకటే అంటాం, సంబంధం కలుపుకోమంటే గొంతు మారుతుంది. బైబిల్లో రాజు ఆశపడ్డ నాబోతు ద్రాక్షతోట మీద దురాశ గురించి చెప్పే పాస్టర్లున్నారు. రాజు పేదవాడి భూమి లాక్కున్నాడని చెప్పినాయన్ని నేను ఇద్దర్నే విన్నాను. ఒకాయన్ని తర్వాతి నెలే బదిలీ చేశారు. రాస్తే అలాంటివీ రాయి, లేకపోతే నీ కోపం సగమే.

రెండో ప్రతి పంపు. పొడుగు తగ్గించు. మీ అమ్మని అడిగి, ఆవిడ పేరు ఆధార్‌లో ఏముందో, గుడి రిజిస్టర్లో ఏముందో కూడా రాయి. వ్యాసంలో కాదు, నాకు రాసే ఉత్తరంలో.

ఉంటాను,
అన్న