మాస్టరింగ్‌కి పాట పంపేముందు...

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇంట్లోనే పాట రికార్డు చేసుకుని, గొంతునీ వాయిద్యాలనీ కలిపి మిక్స్ చేసుకుని, మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరగా చేసే సౌండ్ సవరణ) మాత్రం బయట నాలాంటి వాళ్లకు ఇస్తున్న వాళ్లవే. అందుకే మిగతావి వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటినే తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, ఇంట్లోనే ఒక బోనాల పాట చేశాను. మాస్టరింగ్‌కి పంపితే 'హెడ్‌రూమ్ లేదు, మళ్లీ పంపండి' అన్నారు. ఫైల్‌ని 6 డీబీ (డెసిబెల్) తగ్గించి పంపాను. ఇదీ పనికిరాదన్నారు. ఇంకేం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

హెడ్‌రూమ్ అంటే పాటలో అన్నిటికన్నా గట్టి శబ్దానికీ, ఫైల్ మోయగల గరిష్ఠ మట్టానికీ (సున్నా డీబీ) మధ్య మిగిలే ఖాళీ. తగ్గించడం సరే, ఎక్కడ తగ్గించారన్నది చూడాలి. మీ మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాక్‌లూ కలిసి బయటికి వెళ్లే చోటు) మీద లిమిటర్ ఉండే ఉంటుంది. గీత దాటబోయిన ప్రతి శబ్దాన్నీ అక్కడికక్కడే నొక్కేయడం దాని పని. డప్పు మీద సిర్ర పడినప్పుడు వచ్చే ఆ తొలి 'టక్' కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది. కానీ మీ పాట మొత్తంలో అన్నిటికన్నా ఎత్తున లేచేది అదే. లిమిటర్ ముందుగా కోసేదీ దాన్నే. దెబ్బ పోయి మోత మిగులుతుంది. అలా కోసేసిన ఫైల్‌ని 6 డీబీ కాదు, 10 తగ్గించినా పోయిన దెబ్బ తిరిగి రాదు. అదే చప్పటి డప్పు కాస్త చిన్నగా వినిపిస్తుంది, అంతే. ఫైల్ తెరిచి వేవ్‌ఫామ్ జూమ్ చేయండి. పైనా కిందా ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంటే, వాళ్లు ఎందుకు వద్దన్నారో మీకే కనిపిస్తుంది.

లిమిటర్ ఆపేయండి. మీటర్ ఎర్రబడుతుంటే ట్రాక్‌లన్నీ ఒకేసారి ఎంచుకుని సమానంగా దించండి. మాస్టర్ మీద కంప్రెసర్ (గట్టి, చిన్న శబ్దాల మధ్య తేడాను తగ్గించేది) కూడా ఉండి, అది సౌండ్‌కి తెచ్చే తీరు మీకు నచ్చే పెట్టుకుని ఉంటే మాత్రం దాన్ని కదపొద్దు. ట్రాక్‌లు దించితే దానికి అందే సౌండ్ తగ్గి, అది పనిచేసే తీరే మారిపోతుంది. అప్పుడు దాని తర్వాత ఒక గెయిన్ (లెవెల్ పెంచే, తగ్గించే ప్లగిన్) పెట్టి అక్కడ తగ్గించండి. పీక్ (పాటలో అన్నిటికన్నా ఎత్తున లేచే చోటు) మైనస్ 6 డీబీ దగ్గర ఉండాలని అందరూ చెబుతారు గానీ, అదేమీ శాసనం కాదు. మైనస్ 3 ఉన్నా నాకు పని జరుగుతుంది. నాకు కావాల్సింది ఎక్కడా పగలని సౌండ్. 'మరీ తగ్గిస్తే క్వాలిటీ పోదా' అని టెన్షన్ పడకండి. 24 బిట్ ఫైల్‌లో ఒక్కో బిట్ దాదాపు 6 డీబీకి సమానం. 6 డీబీ తగ్గిస్తే 24లో ఒకటి పోయినట్టు. చెవికి తెలియదు.

అసలు చిక్కు లిమిటర్ తీశాక మొదలవుతుంది. ఇన్నాళ్లూ దాని కిందే మిక్స్ చేశారు కాబట్టి, తీయగానే డప్పు మీదికి దూకుతుంది, గొంతు లోపలికి పోతుంది. చాలామంది కంగారుపడి మళ్లీ లిమిటర్ పెట్టేసుకునేది ఇక్కడే. పెట్టొద్దు. కూర్చుని డప్పు దించండి, గొంతు పైకి తీయండి, కోరస్ సరిచేయండి. లిమిటర్ ఇన్నాళ్లూ దాచిపెట్టిన మిక్సింగ్ పని ఇదే. ఇది మీరు చేయాల్సిందే, నేను చేయలేను. నా దగ్గరికి వచ్చేది ఎడమ, కుడి కలిసిన ఒక్క ఫైల్. అందులోంచి డప్పుని పక్కకు తీసి పెట్టే వీలు నాకు ఉండదు.

లిమిటర్ ఉన్న పాత ఫైల్‌ని పారేయకండి, దాన్ని కూడా జతచేసి పంపండి. మీరు రోజూ ఏ సౌండ్ విని ఆనందపడ్డారో నాకు తెలియాలి కదా.

ప్రశ్న: స్వామివారి పాటల ఆల్బమ్ చేస్తున్నాం. ఎంపీ3 అయితే వాట్సాప్‌లో తేలిగ్గా వెళ్తోంది. 320 కేబీపీఎస్ క్వాలిటీ పెట్టినా మాస్టరింగ్‌కి చాలదా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

చాలదండీ. ఐదు నిమిషాల పాట 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్‌గా 86 ఎంబీ దాకా ఉంటుంది. అదే 320 ఎంపీ3లో 12 ఎంబీ. ఆ తేడాలో చాలా భాగం పారేసిన శబ్దమే. ఎంపీ3ని తిరిగి వేవ్‌గా మార్చితే సైజు పెరుగుతుంది గానీ పోయింది రాదు. సెషన్ ఏ శాంపిల్ రేటులో (పైన చెప్పిన 48 కిలోహెర్ట్జ్ లాంటిది) ఉందో ఆ రేటులోనే ఎక్స్‌పోర్ట్ చేయండి. 44.1లో రికార్డు చేసి 96కి పెంచి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు. పంపడానికి డ్రైవ్ లింక్ మేలు. వాట్సాపే అంటారా, డాక్యుమెంట్‌గా పెట్టండి.

ఇంకొక్క మాట. మీ పాటలు గుడి మైకుల్లోనూ వేస్తారు. అక్కడ ఎడమ, కుడి అంటూ రెండు ఉండవు, అంతా మోనోనే. మిక్స్‌ని ఒకసారి మోనోలో వినండి. విశాలంగా వినిపించాలని కోరస్ మీద స్టీరియో వైడెనర్ ఎక్కువగా వేసి ఉంటే, మోనోలో రెండు వైపులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని 'గోవిందా' అన్న పదిమంది ఇద్దరిలా వినిపిస్తారు.

ప్రశ్న: నేను ఇక్కడ పాడాను, ట్రాక్ హైదరాబాద్‌లో చేశారు. గొంతులో 'స', 'శ' వచ్చిన చోటల్లా చెవిలో గుచ్చుకుంటోంది. మాస్టరింగ్‌లో పోతుందన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

కొంచెం పోతుంది, దానితోపాటు వేరేవీ పోతాయి. ఆ గుచ్చుకునేది ఎక్కువగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. తాళాలు, కంజీర గజ్జెలు మెరిసేదీ అక్కడే. కలిసిపోయిన ఫైల్‌లో 'స'ని నొక్కితే, ఆ క్షణాన మోగిన తాళం కూడా నలుగుతుంది. గొంతు ట్రాక్ విడిగా ఉన్నది మీ మిక్సింగ్ అబ్బాయి దగ్గరే. ఐదు నిమిషాల పని, దాని మీదే డీ-ఎస్సర్ ('స', 'శ'ల పదును తగ్గించే ప్లగిన్) వేయమనండి. 'మాస్టరింగ్‌లో చూసుకుంటారు' అనే మాట మా వృత్తిలో అందరికన్నా ఎక్కువ విన్నది నేనే అయ్యుంటాను. అందులో సగం బద్ధకం.

గొంతు లెవెల్ మీద కూడా అనుమానం ఉంటే, ఇంకేదీ కదపకుండా గొంతు మాత్రం ఒక డీబీ పెంచిన మిక్స్ ఇంకొకటి తీయించండి. రెండూ పంపితే ఏది నిలుస్తుందో మాస్టరింగ్‌లో తేలుతుంది.

ప్రశ్న: యూట్యూబ్‌కి మైనస్ 14 లఫ్స్ ఉండాలంటున్నారు. మిక్స్‌ని అంతకు తెచ్చి పంపాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

వద్దు. లఫ్స్ అంటే పాట మొత్తం మీద చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత. అది మిక్స్‌కి సంబంధించిన లెక్క కాదు. యూట్యూబ్ అంతకన్నా గట్టిగా ఉన్న పాటను దించుతుంది, చిన్నగా ఉన్నదాన్ని మాత్రం పెంచదు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14కి సరిచూస్తుంది. ఏ పాట ఎంత గట్టిగా ఉండాలో దాని స్వభావాన్ని బట్టి చివర్లో తేల్చుకుంటాం. తీన్మార్‌కీ జోలపాటకీ ఒకే అంకె ఎలా పెడతాం? మీ మిక్స్ మైనస్ 20 ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: పాట చివర ఫేడ్ మేమే చేసి పంపాలా? ముందు, వెనక ఖాళీ కత్తిరించాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

రెండూ వద్దు. ముందు ఒక సెకను వదలండి, చివర రివర్బ్ (శబ్దం వెనక మిగిలే ప్రతిధ్వని) పూర్తిగా ఆగేదాకా ఉంచండి. ఫ్యాన్ మోతో, హమ్మో ఉంటే, పాట లేని ఆ ఒక్క సెకనులోనే అది విడిగా దొరుకుతుంది. తీయడానికి ఆ నమూనా కావాలి. ఫేడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో నిమిషాలు, సెకన్లతో రాసి పంపండి. ఫైల్ పేరులో పాట పేరు, తేదీ ఉంటే చాలు. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అని మూడు పంపితే మాత్రం నేను ఫోన్ చేసి అడగాల్సి వస్తుంది.