ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ చదువు: రక్తం అంటే భయమున్నా చేరొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది మదనపల్లె, ఇప్పుడు బెంగళూరు కేఆర్ పురంలో పిన్ని వాళ్లింట్లో ఉంటున్నా. ఇంటర్ బైపీసీ అయింది, నీట్‌లో ర్యాంక్ రాలేదు. బీఎస్సీ ఓటీ టెక్నాలజీలో చేరదామని ఉంది. నాన్నేమో అది ట్రాలీలు తోసే పని, నర్సింగ్ చెయ్యి అంటున్నారు. నాకేమో రక్తం చూస్తే కాస్త భయం. లండన్‌లో ఉన్న మా బావ అక్కడ దీనికి మంచి పేరుంది అంటాడు. ఏం చెయ్యమంటావ్?

జవాబు: ట్రాలీ తోస్తాం చెల్లీ, తొయ్యకపోతే పేషెంట్ టేబుల్ మీదకి ఎలా వస్తాడు, అందులో నామోషీ ఏం లేదు. కానీ నాన్నగారికి ఇంకోటి కూడా చెప్పు. పొద్దున్న మొదటి కేసుకి ముందు ఓటీలో అడుగుపెట్టేది మనమే. మత్తు మెషిన్ ఆన్ చెయ్యాలి (మా సీనియర్లు ఇప్పటికీ దాన్ని పాత పేరుతో బాయిల్స్ అనే అంటారు), ఆక్సిజన్ ప్రెజర్ చూడాలి, గోడ లైన్ ఆగిపోతే పనికొచ్చే సిలిండర్‌లో గ్యాస్ ఉందా, సర్క్యూట్, అంటే పేషెంట్‌కి గ్యాస్ వెళ్లే గొట్టం, ఎక్కడైనా లీకవుతోందా, వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే సోడా లైమ్ పని అయిపోయి ఊదా రంగుకి తిరిగిందా, గొంతులోకి చూసే లారింగోస్కోప్ లైట్ వెలుగుతోందా, శ్వాసనాళంలో పెట్టే ట్యూబ్ కఫ్‌లో, అంటే దాని చివరి బుడగలో, గాలి నిలుస్తోందా, ఇవన్నీ చూసుకున్నాకే పేషెంట్‌ని లోపలికి తెమ్మంటాం.

నా ఇంటర్న్‌షిప్‌లో ఒకరోజు అన్నీ చూశా, నోట్లో చేరినదాన్ని లాగేసే సక్షన్ మెషిన్ స్విచ్ కూడా వేశా, మోటార్ సౌండ్ వచ్చింది, చాల్లే అనుకున్నా. మత్తు ఇచ్చాక పేషెంట్‌కి వాంతి పైకొచ్చింది, డాక్టర్ గారు చెయ్యి చాపారు, పైపు ఇచ్చా, అది లాగదే. జార్ మూత కింద రబ్బరు ఒక పక్క లేచి ఉంది, అంతే. సీనియర్ వచ్చి రెండు చేతులతో మూత అదిమి పట్టుకున్నాడు, అప్పుడు లాగింది. పేషెంట్‌కి ఏం కాలేదు, నన్నెవరూ తిట్టలేదు, తిట్టినా బాగుండేది అనిపించింది ఆ రోజు. ఇప్పుడు పైపు కొస బొటనవేలితో మూసి, గేజ్ ముల్లు పైకి లేస్తేనే టీకి వెళ్తా.

ఇంక భయం సంగతి. నాకు మొదటి వారమే కళ్లు తిరిగాయి, అదీ రక్తం చూసి కాదు, రక్తం ఆపడానికి కరెంటు కాటరీతో కాలుస్తుంటే వచ్చే వాసనకి, పైగా టిఫిన్ తినకుండా వెళ్లా. రెండు ఇడ్లీ తిని వెళ్లు, మోకాళ్లు బిగబట్టి కర్రలా నిలబడకు, తల తేలుతున్నట్టుంటే శుద్ధి చేసిన పనిముట్లుండే స్టెరైల్ టేబుల్ దగ్గర్నుంచి వెనక్కి జరిగి ఎక్కడున్నావో అక్కడే కింద కూర్చో, సిగ్గుపడి నిలబడ్డావో ట్రే మీద పడతావ్. నెలకి అలవాటైపోతుంది.

కర్ణాటకలో రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీ కింద 3 ఏళ్ల చదువు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్. కాలేజీ బిల్డింగ్ చూసి మోసపోకు, సొంత హాస్పిటల్ ఉందా, ఎన్ని ఓటీలు రోజూ నడుస్తున్నాయి, రాత్రి ఎమర్జెన్సీ కేసులు వస్తాయా అని అడుగు, ఇంకా మంచిది ఫైనల్ ఇయర్ పిల్లల్ని క్యాంటీన్‌లో పట్టుకుని అడుగు. కన్నడం కూడా నాలుగు ముక్కలు నేర్చుకో, టేబుల్ మీద వణుకుతున్న పెద్దావిడకి హెదరబేడి అమ్మా (భయపడకమ్మా) అని చెయ్యి పట్టుకునేది ఎక్కువసార్లు మనమే. కోలారు వైపు వాళ్లయితే తెలుగులోనే మాట్లాడేస్తారనుకో.

నాన్నగారి మాటలోనూ న్యాయం ఉంది, నర్సింగ్ చేస్తే వార్డు, ఐసీయూ, ఎక్కడికైనా మారొచ్చు, మనం ఓటీ వదిలితే దారులు తక్కువ, మొదట్లో జీతం కూడా అంతంతమాత్రమే. అయినా నీకు మెషిన్ల మీద మనసుంటే ఇదే చెయ్యమంటా.

బావ చెప్పింది నిజమే. అక్కడ ఓడీపీ, అంటే ఆపరేటింగ్ డిపార్ట్‌మెంట్ ప్రాక్టీషనర్, అంటారు, హెచ్‌సీపీసీ అనే అక్కడి నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్టర్ కాకుండా ఆ పేరు వాడుకోకూడదు. మన డిగ్రీతో నేరుగా రిజిస్ట్రేషన్ ఇవ్వరు, ఏం చదివావ్, ఏం పని చేశావ్ అన్నీ చూసి వాళ్లు ఒప్పుకోవాలి. అందుకని చేసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్ పారెయ్యకు.

ప్రశ్న: మేడం, మా అబ్బాయి డిగ్రీ మధ్యలో ఆపేశాడు. ఆర్నెల్ల ఓటీ కోర్సు, జాబ్ గ్యారంటీ అని రోజూ ఫోన్లు చేస్తున్నారు. 60 వేలు కట్టమంటున్నారు, కట్టాలా? (ఒక తండ్రి, అత్తిబెలె)

జవాబు: కట్టకండి అన్నా. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం (డాక్టర్లు, నర్సులు కాని వైద్య సిబ్బంది కోసం పెట్టింది) ప్రకారం టెక్నీషియన్ అనిపించుకోవాలంటే తక్కువలో తక్కువ 2000 గంటల చదువు, అదీ కనీసం 2 ఏళ్ల మీద ఉండాలి, ఆర్నెల్లలో అది ఎలా అవుతుందో వాళ్లే చెప్పాలి. డిగ్రీ వద్దనుకుంటే పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్న డిప్లొమా చూడండి. ఈసారి ఫోన్ వస్తే, మా వాణ్ణి ఏ హాస్పిటల్ ఓటీలో నిలబెడతారు అని అడగండి, పేరు చెప్పకుండా టై అప్ ఉంది సార్ అని నసిగితే పెట్టేయండి.