ఇద్దరు పిల్లలకీ ఒకే బడి కానక్కర్లేదు

ప్రశ్న: మావారికి జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. వచ్చే వేసవిలో అందరం వెళ్తున్నాం. పాపకు తొమ్మిదేళ్లు, హైదరాబాద్‌లో సీబీఎస్ఈ నాలుగో తరగతి. బాబుకు నాలుగు నిండాయి. ఇద్దర్నీ ఇంగ్లిష్ మీడియం ఇంటర్నేషనల్ స్కూల్లో వేద్దామని నేనంటాను. ప్రభుత్వ బడిలో ఫీజే ఉండదు, పిల్లలు ఆరు నెలల్లో భాష పట్టేస్తారని ఆయనంటారు. ఇంగ్లిష్, జర్మన్ రెండింట్లోనూ పాఠాలు చెప్పే బడులున్నాయని ఆయన ఆఫీసులో ఎవరో అన్నారు. అవెలా ఉంటాయో మాకు తెలీదు. మనవళ్లకు తెలుగు రాకుండా పోతుందని అత్తగారి దిగులు. ఈ మాట ఎత్తితే చాలు, ఇంట్లో గొడవే. దారి చెప్పండి.
– ఓ తల్లి, హైదరాబాద్

జవాబు: అక్కడ ఎన్నేళ్లుంటారో తేల్చుకోకుండా బడి గురించి వాదించుకుంటున్నారు. అందుకే ఈ గొడవ తెగడం లేదు. మీ మనసులో మూడేళ్లకు తిరిగొచ్చే లెక్క ఉన్నట్టుంది. ఆయన మనసులో అక్కడే స్థిరపడే ఆలోచన ఉన్నట్టుంది. ముందు దాన్ని పైకి అనుకోండి. బ్లూ కార్డు (పెద్ద చదువుల విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద వెళ్తుంటే, జర్మన్ బీ1 స్థాయి (మధ్యస్థం) ఉన్నవారికి 21 నెలలకు, ఏ1 (తొలిమెట్టు) మాత్రమే ఉన్నవారికి 27 నెలలకు శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది. 'చూద్దాంలే' అనుకుంటూ వెళ్లినవాళ్లు చాలామంది ఆ మజిలీ దగ్గర ఆగిపోతారు. తిరిగి రావాలనుకుంటే మరో గీత ఉంది. సీబీఎస్ఈలో 9, 10 తరగతులు కలిపి ఒకే కోర్సు, నేరుగా పదిలో చేరడం మామూలుగా కుదరదు. కాబట్టి పాప తొమ్మిదో తరగతి మొదలుకి ఇక్కడుండాలి, లేదంటే పన్నెండు దాకా అక్కడే చదవాలి. మధ్యలో తెచ్చి పడేయడమే అన్నిటికన్నా చెడ్డది.

మీవారి 'ఆరు నెలలు' మాట సగమే నిజం. ఆటస్థలంలో మాట్లాడే జర్మన్ పిల్లలకు ఏడాది, రెండేళ్లలో వస్తుంది. పుస్తకం చదివి అర్థం చేసుకుని, రాసి మార్కులు తెచ్చుకునే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలిసిన సంగతి. లెక్కలకు భాషతో పనేముందని అనుకోవద్దు. జర్మన్‌లో 47ను 'ఏడూ నలభై' అన్న వరసలో పలుకుతారు. విన్నది విన్నట్టు రాసే పిల్ల 74 వేస్తుంది. భాగహారానికి రెండు చుక్కలు, గుణకారానికి ఒక చుక్క, దశాంశానికి కామా వాడతారు. ఇక్కడ లెక్కల్లో ముందుండే పిల్ల అక్కడ మొదటి మూడు నెలలు వెనకబడితే దానికి తెలివి తగ్గలేదు, తిట్టకండి.

మ్యూనిక్ ఉన్నది బవేరియా రాష్ట్రంలో. అక్కడ ప్రాథమిక బడి నాలుగేళ్లే. నాలుగో తరగతిలో మే మొదట్లో ఇచ్చే సర్టిఫికెట్ మీద జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం గ్రేడ్ల సగటు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే గిమ్నాజియం (నేరుగా యూనివర్సిటీ చదువుకు దారితీసే హైస్కూలు), 2.66 దాకా అయితే రియాల్‌షూలె (పదో తరగతి దాకా ఉండే హైస్కూలు). అక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచి గ్రేడు. మీ పాప సెప్టెంబరులో నాలుగో తరగతిలో కూర్చుంటే ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆ సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఒకటో తరగతి నుంచీ జర్మన్ బడిలో చదవని, మాతృభాష జర్మన్ కాని పిల్లలకు, లోపం భాషదేననీ అది తీరేదేననీ బడి భావిస్తే 3.33 దాకా సడలింపు ఉంది. బడిలో దీని గురించి మీరే అడగండి. అడగనిదే ఎవరూ గుర్తు చేయకపోవచ్చు. గిమ్నాజియం తప్పితే జీవితం పోయినట్టూ కాదు. రియాల్‌షూలె పదో తరగతి తర్వాత ఎఫ్ఓఎస్ అనే బడి ద్వారా పై చదువులకు దారి ఉంది.

కొత్తగా వచ్చిన పిల్లల కోసం కొన్ని ప్రభుత్వ బడుల్లో 'డాయిచ్‌క్లాస్సె' అనే సెక్షన్లుంటాయి. వాటిలో ఎక్కువ పీరియడ్లు జర్మన్‌కే. మూడో తరగతిలో వేయమని అడిగితే హెడ్మాస్టర్ ఒప్పుకోవచ్చు, పాపకు ఊపిరి తీసుకోను ఇంకో ఏడాది దొరుకుతుంది. కానీ ఇక్కడ నాలుగు పూర్తి చేసిన పిల్ల కాగితం మీద మళ్లీ మూడో తరగతి అవుతుంది. తిరిగొచ్చినప్పుడు ఇక్కడి బడి టీసీ చూసి తరగతి నిర్ణయిస్తే తోటి పిల్లలకన్నా పెద్దదవుతుంది. అందుకే మూడు, నాలుగేళ్లలో తిరుగు ప్రయాణం ఖాయమైతే మూడో తరగతి ఆలోచన వద్దు. ఉండిపోయేట్టయితే నిక్షేపంగా చేయండి.

ఇక రెండు భాషల బడులు. బోర్డు మీద 'బైలింగ్వల్' అని ఉన్నవన్నీ అలాంటివి కావు. అడ్మిషన్ ఆఫీసులో బ్రోచర్ చేతిలో పెడతారు, దాన్ని పక్కన పెట్టి పాప చేరబోయే తరగతి టైం టేబుల్ అడగండి. పీరియడ్లు లెక్కపెట్టండి. వారానికి 30 పీరియడ్లుంటే, అందులో జర్మన్ నాలుగైదే అయితే అది ఇంగ్లిష్ మీడియం బడి, జర్మన్ ఒక సబ్జెక్టు, అంతే. పేరుకు తగ్గ బడిలో సగానికి దగ్గరగా ఒక్కో భాషలో నడుస్తుంది. లెక్కలు, సైన్సు లాంటి అసలు సబ్జెక్టుల్లో ఏదో ఒకటి జర్మన్‌లో ఉంటుంది. ఆటలు, పాటలు, బొమ్మలు మాత్రమే జర్మన్‌లో ఉంటే పిల్లలకు పుస్తక భాష రాదు. మూడు, నాలుగు తరగతుల్లో మధ్యలో చేరే పిల్లలకు అదనపు జర్మన్ ఎన్ని గంటలు, దాని ఫీజు వేరా, ఆ గంటల కోసం ఏ పాఠం నుంచి బయటికి పిలుస్తారు అన్నదీ అడగాలి. లెక్కల పీరియడ్ నుంచి పిలిస్తే ఒక రంధ్రం పూడ్చి ఇంకోటి తవ్వినట్టే. గత మూడేళ్లలో నాలుగో తరగతి ముగించిన పిల్లలు ఏ బడులకు వెళ్లారో చెప్పమనండి. తడుముకుంటే మీకు అర్థమవుతుంది.

బడి హోదా కూడా కనుక్కోండి. ప్రభుత్వ పాఠ్య ప్రణాళికకు సమానంగా నడిచే ప్రైవేటు బడి ఒక రకం. సొంత సిలబస్‌తో నడిచే అనుబంధ బడి మరో రకం, ఇంటర్నేషనల్ స్కూళ్లలో చాలావరకు ఈ రెండో రకమే. మొదటి రకంలో తల్లిదండ్రుల స్తోమతును బట్టి పిల్లలను వేరుచేయకూడదని జర్మన్ రాజ్యాంగంలోనే ఉంది, అందుకే ఫీజు కాస్త అదుపులో ఉంటుంది. రెండో రకంలో ఏడాదికి 20 వేల యూరోలు దాటేవీ ఉన్నాయి. కంపెనీ కడుతుందంటే ఎన్నేళ్లు, పన్ను ఎవరు భరిస్తారు అని ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. బడి వయసు పిల్లల ఫీజు కంపెనీ ఇస్తే అది జీతంలో కలిసి పన్ను పడుతుంది. బడికి వెళ్లే వయసు రాని పిల్లల కిండర్‌గార్టెన్ ఖర్చు జీతానికి అదనంగా ఇస్తే పన్ను ఉండదు. మీరే కట్టుకుంటే, గుర్తింపు ఉన్న బడి అయిన పక్షంలో ఫీజులో 30 శాతం, ఒక్కో బిడ్డకు ఏడాదికి 5,000 యూరోలకు మించకుండా, పన్ను లెక్కలో చూపుకోవచ్చు. భోజనం, సాయంత్రం కేర్ ఖర్చులు ఇందులోకి రావు.

బవేరియాలో 2015 నుంచి కొన్ని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనూ ఇంగ్లిష్, జర్మన్ కలిపి చెప్పే సెక్షన్లున్నాయి, ఫీజు లేదు. అయితే ఏ వీధి పిల్లలు ఏ బడికన్నది అక్కడ నివాసాన్ని బట్టి ఉంటుంది. ఇల్లు అద్దెకు తీసుకోకముందే ఆ వీధి ఏ బడి కిందికొస్తుందో చూడండి. ఇల్లు చూశాక బడి వెతకడం మనవాళ్లకు అలవాటు, అక్కడ అది తిరగబడుతుంది.

బాబు సంగతి వేరు. వాడికి ఇంటర్నేషనల్ స్కూలు వద్దు. మామూలు జర్మన్ కిండర్‌గార్టెన్‌లో వేయండి. జర్మన్ తక్కువున్న పిల్లలకు బడికి ముందు 240 గంటల భాషా తరగతులు రాష్ట్రమే ఇస్తుంది. సీట్లకు పోటీ ఎక్కువ కనుక నగరపాలక 'కిటా ఫైండర్' పోర్టల్‌లో వీలైనంత త్వరగా నమోదు చేయండి. కొన్ని వారాలు నోరు విప్పకపోతే కంగారు పడకండి, ఆ వయసులో ముందు విని తర్వాత మాట్లాడతారు.

పాపకు నా ఓటు: ఐదేళ్లు, ఆపైన ఉండేట్టయితే అసలైన రెండు భాషల బడి. అది దొరక్కపోతే ప్రభుత్వ బడి, డాయిచ్‌క్లాస్సెతో సహా. మూడేళ్లలో రావడం ఖాయమై, ఫీజు కంపెనీదైతే మీరన్నట్టే ఇంగ్లిష్ బడి. అప్పు చేసి మాత్రం వద్దు. ఈ మూడు వరసలూ మీవారికి చదివి వినిపించండి. ఎన్నేళ్లన్నది ఆయనే చెప్పాల్సొస్తుంది.

అత్తగారి దిగులు ఉత్తది కాదు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్ఈ, ఐబీ బడుల్లో కూడా పది దాకా తెలుగు తప్పనిసరి. హైదరాబాద్ తిరిగొస్తే పాపకు అది అవసరమే. ఇంట్లో తెలుగే మాట్లాడండి. జర్మన్ త్వరగా రావాలని మీరు వచ్చీరాని జర్మన్‌లో మాట్లాడితే పిల్లలకు లాభం లేదు. చదవడం, రాయడం వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున అత్తగారికే అప్పగించండి. వీడియో కాల్‌లో నాలుగు వాక్యాల డిక్టేషన్ చెప్పించి, పాప రాసింది ఫోటో తీసి పంపితే ఆవిడ దిద్దుతారు.

బయల్దేరే ముందు టీసీ, గత రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, జనన ధృవపత్రాలు జర్మన్‌లోకి అనువాదం చేయించుకోండి. ఇద్దరికీ మీజిల్స్ టీకా రెండు డోసులు పడిన రుజువు కార్డు సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. 2020 మార్చి నుంచి అది చూపనిదే కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు, బడీ అడుగుతుంది.