అమెరికా ప్రయాణానికి ముందు పిల్లల టీకాల కార్డు: ఒక అనంతపురం తల్లి సందేహం

ప్రశ్న: మాది అనంతపురం. మా వారికి డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. జూన్‌లో ఇద్దరు పిల్లలతో హెచ్‌-4 వీసాపై బయలుదేరుతున్నాము. పాపకు ఐదేళ్లు నిండాయి, ఆగస్టులో అక్కడ కిండర్‌గార్టెన్‌లో చేర్చాలి. బాబుకు 14 నెలలు. ఇద్దరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే టీకాలు వేయించాము. ఇక్కడి టీకాలు అక్కడ చెల్లవని, అన్నీ మొదటి నుంచి మళ్లీ వేస్తారని బంధువులు భయపెడుతున్నారు. ప్రైవేటులో నొప్పి లేని టీకాలు వేయించి ఉండాల్సిందని మా అత్తగారు బాధపడుతున్నారు. బయలుదేరేలోగా మేము ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారిని ఊరడించండి. ఏఎన్‌ఎమ్ వేసిన, ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావాలెంట్ టీకాలో కోరింత దగ్గు భాగం పూర్తి కణాలతో తయారవుతుంది కాబట్టి జ్వరం, తొడ వాపు కొంచెం ఎక్కువగా వస్తాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో నొప్పి లేనిదని చెప్పి వేసేది కణరహిత రకం. అమెరికాలో వాడేది ఆ రెండో రకమే అయినా, లెక్క వేసేటప్పుడు రెండింటినీ సమానంగానే చూస్తారు. ఆ డబ్బు మిగిలినందుకు సంతోషించవచ్చు.

ఇక అసలు సంగతి. భారతదేశంలో వేసిన టీకా అమెరికాలో చెల్లదన్న మాట నిజం కాదు. టీకా పేరు, వేసిన తేదీ రాతపూర్వకంగా ఉండి, ఆ డోసు వేసేనాటికి బిడ్డకు కనీస వయసు నిండి, డోసుకూ డోసుకూ మధ్య కనీస గడువు పాటించి ఉంటే, అది కల్యాణదుర్గంలో వేసినా కాలిఫోర్నియాలో వేసినా ఒక్కటే. తల్లిదండ్రులు నోటితో చెప్పేది మాత్రం లెక్కకు రాదు. చిక్కంతా రెండు దేశాల పట్టికలు వేరు కావడం వల్ల వస్తుంది. ఆ తేడాలు ఎక్కడున్నాయో తెలిస్తే, మళ్లీ వేయించాల్సినవి ఏవో మీరే గుర్తించగలరు. నేను డాక్టరును కాను. కడప జిల్లా నుంచి వచ్చి టెక్సస్‌లో స్థిరపడి, కొత్తగా వచ్చిన కుటుంబాలతో బడి కాగితాల కోసం తిరుగుతూ నేర్చుకున్నది చెబుతున్నాను. తుది మాట మీ పిల్లల డాక్టరుదే.

టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌లో చేరే బిడ్డకు ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గులకు కలిపి 5 డోసులు, పోలియో 4, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ 2, హెపటైటిస్-బి 3, ఆటలమ్మకు 2, హెపటైటిస్-ఎ 2 అడుగుతారు. పోలియో చివరి డోసు నాలుగో పుట్టినరోజున గానీ ఆ తర్వాత గానీ పడి ఉండాలి. వీసా ఇచ్చేవారు హెచ్‌-4 పిల్లల టీకాలను పట్టించుకోరు, అడిగేది బడివారే. ఈ నిబంధన రాష్ట్ర ప్రభుత్వానిది. 2025 నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వ సిఫార్సులకూ, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్యుల సంఘం పట్టికకూ మధ్య తేడాలు వచ్చాయి. ఆ వార్తలు చూసి కంగారు పడకుండా, మీరు చేరబోయే రాష్ట్రం బడికి ఏమి అడుగుతున్నదో అది చూసుకోండి.

మొదటి తేడా తట్టు టీకా దగ్గర వస్తుంది. మన దగ్గర 9 నెలలు నిండగానే తట్టు, రుబెల్లా కలిసిన ఎంఆర్ టీకా వేస్తారు. తట్టు పసిబిడ్డలను పట్టుకునే ముప్పు మన దేశంలో ఎక్కువ గనుక ఆ వయసులో వేయడం సరైనదే. అయితే తల్లి నుంచి వచ్చిన రక్షణ పదార్థాలు అప్పటికి బిడ్డ రక్తంలో ఇంకా మిగిలి ఉండి టీకా పనిని కొంత అడ్డుకోవచ్చు కాబట్టి, అమెరికాలో మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన డోసును లెక్కించరు. నాలుగు రోజులు ముందైతే సరిపెట్టుకుంటారు, అంతకు మించి కాదు. పాపకు ఏడాదిన్నర వయసులో పడిన రెండో ఎంఆర్ తట్టుకూ రుబెల్లాకూ చెల్లుతుంది గానీ, గవదబిళ్ళల భాగం అందులో లేదు. అందువల్ల పాపకు రెండు ఎంఎంఆర్ డోసులు, కనీసం 28 రోజుల ఎడంతో పడాలి. తట్టు భాగం అదనంగా పడినందువల్ల హాని లేదు. బాబుకు 16 నెలలకు వేయవలసిన రెండో ఎంఆర్ కోసం ఆగకుండా, ఇప్పుడే ప్రైవేటులో ఎంఎంఆర్ వేయిస్తే అది అమెరికాలో మొదటి డోసు అవుతుంది. రెండోది నాలుగేళ్లు దాటాక చాలు.

తట్టు ఒకప్పటి జబ్బు కదా, అమెరికాలో ఎక్కడుంది అనుకోవద్దు. 2025 జనవరిలో పశ్చిమ టెక్సస్‌లోని గెయిన్స్ కౌంటీలో మొదలైన తట్టు ఆగస్టులో ముగిసిందని ప్రకటించేసరికి రాష్ట్రంలో 762 మందికి సోకింది, ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. ఆ ఇద్దరూ టీకా వేయించుకోనివారే. కాగితాలు సర్దుకోలేక, మనస్సాక్షి కారణంగా టీకాలు వద్దని ప్రమాణపత్రం ఇచ్చి బడిలో చేర్చే దారి ఒకటి ఈ రాష్ట్రంలో ఉంది. మనవాళ్లలోనూ కొందరు తొందర కోసం ఆ దారి చెబుతుంటారు. వినకండి. జబ్బు వ్యాపించి రాష్ట్ర ఆరోగ్యాధికారి అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు అలాంటి పిల్లలను బడికి రానివ్వకపోవచ్చు, పైగా బిడ్డకు రక్షణ లేకుండా పోతుంది.

రెండో తేడా పోలియో. ఇది చాలామందికి మింగుడుపడదు, ఎందుకంటే పల్స్ పోలియో ఆదివారాలతో కలిపి మన పిల్లలు తాగినన్ని చుక్కలు ఇంకెవరూ తాగి ఉండరు. 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతా మూడు రకాల పోలియో వైరస్‌లున్న చుక్కల మందును మాని, రెండో రకాన్ని తీసివేసిన మందుకు మారింది. అందువల్ల ఆ నెల నుంచి వేసిన చుక్కలను అమెరికాలో లెక్కించరు. మన ఆరోగ్య కేంద్రాల్లో చుక్కలతో పాటు చేతి చర్మంలోకి వేసే పోలియో సూది ఉంది గానీ, అది 0.1 మిల్లీలీటరు, అంటే పూర్తి డోసులో అయిదో వంతు. అమెరికాలో వాడేది 0.5 మిల్లీలీటర్ల పూర్తి డోసే కాబట్టి, ఈ చిన్న డోసులు లెక్కకు రావనుకొని సిద్ధపడటమే మేలు. పాప విషయంలో ఇదే అన్నిటికంటే సమయం పట్టే టీకా. నాలుగేళ్లు దాటిన బిడ్డకు కొత్తగా మొదలుపెడితే మొదటి డోసు, నాలుగు వారాలకు రెండోది, ఆపై ఆరు నెలలకు మూడోది పడితే సరిపోతుంది. మూడోది నాలుగేళ్లు దాటాక పడినందువల్ల నాలుగోది అడగరు. సాయినగర్‌లోని పిల్లల ఆసుపత్రుల్లో పూర్తి డోసు పోలియో సూది ఉందేమో ఈ వారమే అడిగి మొదటిది వేయించండి.

మూడోది హెపటైటిస్-బి. ఈ తేడా మన డాక్టర్లలోనూ కొందరికి తట్టదు. పుట్టినప్పుడు ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్‌లో కలిపి మూడు, మొత్తం నాలుగు డోసులు పడ్డాయి కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. అయితే అమెరికా లెక్కలో చివరి డోసు బిడ్డకు 24 వారాలు నిండాకే పడాలి. మన షెడ్యూలు 14 వారాలకే ముగుస్తుంది కాబట్టి ఇద్దరు పిల్లలకూ ఇంకొక్క డోసు కావలసి వస్తుంది. ఒక్క సూదితో తీరిపోయే పని ఇది. అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు, ఇక్కడే వేయించినా సరే.

ఆటలమ్మ, హెపటైటిస్-ఎ టీకాలు మన ప్రభుత్వ పట్టికలో లేవు కాబట్టి ఇద్దరికీ రెండేసి డోసులు కొత్తగా పడవలసిందే. హెపటైటిస్-ఎ రెండు డోసుల మధ్య ఆరు నెలల ఎడం ఉండాలి. మన దగ్గర ఒకే డోసుతో సరిపెట్టే సజీవ రకం కూడా దొరుకుతుంది గానీ అమెరికాలో వాడేది నిర్జీవ రకం. అదే అడిగి వేయించండి. పాపకు ఎప్పుడైనా అమ్మవారు పోసి ఉంటే, అప్పుడు చూసిన డాక్టరు చేత అది ఆటలమ్మేనని తేదీతో రాయించి తెచ్చుకోండి. డాక్టరు నిర్ధారించిన కాగితం టీకాకు బదులుగా పనికివస్తుంది. వేపాకు మండలు కట్టి ఇంట్లోనే తగ్గించుకొని ఉంటే కాగితం ఉండదు, అప్పుడు టీకా వేయించడమే సులువు. ఎంఎంఆర్, ఆటలమ్మ రెండూ సజీవ టీకాలు. ఒకే రోజు రెండూ వేయించండి, లేదా మధ్యలో 28 రోజులు ఆగండి. పది రోజుల తేడాతో వేస్తే రెండోది చెల్లదు. ప్రయాణం తొందరలో ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది.

పాపకు కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు ఐదేళ్లకు వేసే డీపీటీ బూస్టర్ ఆరోగ్య కేంద్రంలోనే వేయించేయండి, అది ఐదో డోసుగా చెల్లుతుంది. బాబుకు న్యుమోనియా, మెదడు పొరల వాపు వంటి జబ్బులను ఆపే హిబ్, న్యూమోకోకల్ టీకాలు ఏడాది దాటాక ఒక్కోటి మళ్లీ పడాలి. పాప వయసుకు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఆ రెండూ అడగరు. ప్రయాణం కోసం బాబు డీపీటీ బూస్టర్‌ను 16 నెలల కంటే ముందుకు జరపనక్కరలేదు, డాలస్‌లో వేయించవచ్చు.

ఇప్పుడు కాగితాల సంగతి. నిజానికి టీకాల కంటే ఎక్కువ పని ఇక్కడే ఉంది. తల్లీబిడ్డల రక్షణ కార్డులో తేదీలు మన పద్ధతిలో రోజు, నెల, సంవత్సరంగా ఉంటాయి. అమెరికాలో నెల ముందు చదువుతారు. 2024 జూన్ 20న పుట్టిన బిడ్డకు 04-09-2024న, అంటే సెప్టెంబరు 4న, పెంటావాలెంట్ రెండో డోసు పడిందనుకోండి. అక్కడి నర్సు దానిని ఏప్రిల్ 9గా చదివితే, బిడ్డ పుట్టకముందే టీకా పడినట్టు అవుతుంది, ఆ డోసు కొట్టివేస్తారు. కార్డును అలాగే చేతికిచ్చి వివరించవచ్చులే అనుకోకుండా, మీ పిల్లల డాక్టరు చేత ఆసుపత్రి లెటర్‌హెడ్‌పై ఇంగ్లీషులో ఒక పట్టిక రాయించండి. నెల పేరు అక్షరాలలో ఉండాలి. ప్రైవేటులో వేయించినవి ఉంటే హెక్సాక్సిమ్, ఈజీసిక్స్ వంటి బ్రాండు పేరు ఒక్కటే సరిపోదు, అందులో ఏయే టీకాలు కలిసి ఉన్నాయో పక్కనే రాయాలి. ఎంఆర్ అన్నచోట ఎంఎంఆర్ అని రాయించే ప్రలోభానికి లోను కావద్దు. బిడ్డకు లేని రక్షణను కాగితం ఇవ్వలేదు. సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు పడేలా చూడండి. పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. కార్డులో ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరుతో రాసినవి చాలా ఉంటాయి, వాటిని ఇక్కడే సరిచేయించుకోవాలి. టీకాల నమోదుకు మన ప్రభుత్వం నడిపే యూ-విన్‌ పోర్టల్‌లో నమోదై ఉంటే ఆ ధ్రువపత్రాన్నీ దించుకోండి. అసలు కార్డు చెక్-ఇన్ సామానులో కాక చేతి సంచిలో ఉండాలి.

కార్డు పోయినవారు హైరానా పడనక్కరలేదు. ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో ఏఎన్‌ఎమ్ దగ్గర వివరాలు ఉంటాయి. అదీ దొరకకపోతే తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్‌లకు రక్తపరీక్షతో రక్షణ ఉందో లేదో తేల్చవచ్చు. అన్నీ మళ్లీ వేయించుకున్నా చాలావాటితో ప్రమాదం లేదు. ధనుర్వాతం టీకా మాత్రం అవసరానికి మించి పడితే చేయి బాగా వాచి బాధిస్తుంది గనుక డీపీటీ తేదీల కోసం మాత్రం గట్టిగా వెతకండి.

పుట్టగానే వేసే క్షయ టీకా బీసీజీ గురించి ఒక మాట. అమెరికాలో అది మామూలుగా వేయరు. ఎక్కడైనా క్షయ పరీక్ష అడిగితే, చర్మంపై చేసే పరీక్షలో బీసీజీ వల్ల పాజిటివ్ చూపవచ్చు. రక్తంతో చేసే క్వాంటిఫెరాన్ వంటి పరీక్షకు బీసీజీతో సంబంధం లేదు. ఆ రక్తపరీక్షనే కోరండి.

డాలస్ చేరాక ఇన్సూరెన్సు మొదలయ్యేదాకా ఆగవద్దు. ఇన్సూరెన్సు లేని 19 ఏళ్లలోపు పిల్లలకు వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ అనే కేంద్ర పథకం కింద టీకా మందు ఉచితం, 1994 నుంచి నడుస్తోంది. కౌంటీ ఆరోగ్య శాఖ క్లినిక్‌లో వేస్తారు. వేసినందుకు కొద్ది రుసుము ఉండవచ్చు. ఇన్సూరెన్సు వచ్చాక నెట్‌వర్క్‌లోని డాక్టరు దగ్గర సిఫార్సు చేసిన టీకాలకు చాలా పాలసీలలో చేతి నుంచి పెట్టేది ఏమీ ఉండదు. టెక్సస్‌లో ఇమ్‌ట్రాక్2 అనే రాష్ట్ర రిజిస్టరు ఉంది, తల్లిదండ్రుల సమ్మతి ఉంటేనే అందులో వివరాలు దాస్తారు. సమ్మతి ఇవ్వండి, ఇల్లు మారినా డాక్టరు మారినా ఆ వివరాలు పోవు. ఆగస్టుకు అన్ని డోసులూ పూర్తికాకపోయినా, అడిగిన ప్రతి టీకాలో కనీసం ఒక్కో డోసు పడి, మిగతావి గడువు ప్రకారం వేయిస్తున్నట్టయితే పాపను తాత్కాలికంగా చేర్చుకుంటారు. అందుకే పోలియో, ఎంఎంఆర్, ఆటలమ్మ, హెపటైటిస్-ఎ మొదటి డోసులు అనంతపురంలోనే పడిపోతే మీ పని సగం తీరినట్టే.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. అమెరికాలో కాన్పులకని అనంతపురం, కర్నూలు, కడపల నుంచి అమ్మమ్మలు, నాయనమ్మలు వస్తుంటారు. పసిబిడ్డను ఎత్తుకునేవారు కోరింత దగ్గుకు టీడాప్, ఫ్లూ టీకాలు వేయించుకున్నారా అని పిల్లల డాక్టర్లు అడుగుతారు, ఎందుకంటే రెండు నెలల లోపు బిడ్డకు ఆ దగ్గు ప్రాణాంతకం కావచ్చు, ఆ వయసులో బిడ్డకు సొంత టీకా ఇంకా పడదు. టీడాప్ మన ఊళ్లలోనూ దొరుకుతుంది. మీ అత్తగారు ఎప్పుడైనా వచ్చేటట్టయితే, బిడ్డను చేతుల్లోకి తీసుకోవడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకొని, ఆ చీటీ కూడా పాస్‌పోర్టుతో పెట్టుకొని రమ్మనండి.