అమ్మలూ, నోటరీ దగ్గరికి వెళ్లే ముందు ఇది చదువు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వూ నీ స్నేహితురాలూ కలిసి బట్టల వ్యాపారం పెడుతున్నారని చెప్పాడు. విదేశం నుంచి మొదటి ఆర్డరు కూడా మాట్లాడుకున్నారట. మన ఇంటి ఆడపిల్ల సొంతంగా సంస్థ పెట్టడం ఇదే మొదలు. వింటుంటే నా గుండె నిండిపోయింది తల్లీ. ఫోన్ పెట్టేసే ముందు వాడు ఇంకో మాట అన్నాడు: "కాగితాలన్నీ తయారయ్యాయి అన్నయ్యా, ఈ వారం నోటరీ చేయించేస్తే అయిపోతుంది. ఆ అమ్మాయి వేరే ఊళ్లో ఉందిగా, సంతకాలు పెట్టి కొరియర్లో పంపిస్తుందట." ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గర పెట్టుకో. జిరాక్సులను నిజప్రతులుగా ధ్రువీకరించాలంటే అసలు పత్రాలు కూడా నోటరీకి చూపించాలి. ప్రతి పేజీ కింద సంతకం పెట్టు, కొట్టివేత ఉంటే దాని పక్కన పొడి అక్షరాలతో సంతకం చెయ్యి, ఖాళీ ఉన్నచోట గీత కొట్టు. నీ పేరు అన్ని పత్రాల్లో ఒకే తీరుగా ఉందో లేదో చూసుకో. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక ఉంటే బ్యాంకు వాళ్లు తిప్పి పంపుతారు.

ఇక అసలు సంగతి. నోటరీని 1952 నాటి చట్టం కింద కేంద్ర ప్రభుత్వమో రాష్ట్ర ప్రభుత్వమో నియమిస్తుంది. నువ్వు తీసుకెళ్లిన ఒప్పందం మీద ఆయన ముద్ర వేశాడంటే, ఫలానా మనిషి ఫలానా తేదీన తన ఎదుటికి వచ్చి సంతకం చేశాడని ఆయన సాక్ష్యం చెబుతున్నాడన్నమాట. లోపల రాసినదంతా నిజమని ఆయన పూచీ పడడు. అఫిడవిట్ అయినా అంతే. ప్రమాణం చేయించడం వరకే ఆయన పని, అందులోని ప్రతి వాక్యానికీ జవాబుదారీ నువ్వే. అబద్ధపు ప్రమాణపత్రం ఇస్తే జైలు దాకా పోతుంది. కాబట్టి ఎవరో టైపు చేసిచ్చిన అఫిడవిట్ మీద చదవకుండా సంతకం పెట్టకు. చదవడానికి పది నిమిషాలు పట్టినా సరే, వెనక వరసలో ఎవరు విసుక్కున్నా సరే.

మీ తాతయ్య కేసు గురించి నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. ఆయనకు ఒక భాగస్తుడు ఉండేవాడు. మంచి స్నేహితులు. ఇద్దరూ విడిపోదామనుకున్నప్పుడు గొడవ కూడా ఏమీ లేదు. తాతయ్య అతని వాటా లెక్కగట్టి, నోట్ల కట్టలు చేతికే ఇచ్చేశాడు. నేను పక్కనే ఉన్నాను, లెక్కపెట్టింది కూడా నేనే. వాటా పూర్తిగా ముట్టిందని, ఇకమీద వ్యాపారంతో సంబంధం లేదని కాగితం రాసుకున్నారు. ఆ భాగస్తుడికి ఒంట్లో బాగుండేది కాదు. "నేను ఇంట్లోనే సంతకం పెట్టేస్తాను, ముద్ర నువ్వు వేయించుకో" అన్నాడు. తాతయ్య సరేనన్నాడు. నోటరీ తెలిసినవాడే కాబట్టి, మనిషిని చూడకుండానే "నా సమక్షంలో సంతకం చేశారు" అని రాసి ముద్ర కొట్టేశాడు. అందరూ మంచివాళ్లే. ఎవరి మనసులోనూ మోసం లేదు.

కొన్నేళ్లకు ఆ భాగస్తుడు పోయాడు. తమ తండ్రికి వాటా రాలేదని అతని కొడుకులు దావా వేశారు. తాతయ్య ధీమాగా ఆ కాగితం కోర్టులో పెట్టాడు. అవతలి వాళ్లు ఆసుపత్రి కాగితాలు తెచ్చారు. ముద్ర మీద ఉన్న తేదీన ఆ భాగస్తుడు వేరే ఊరి ఆసుపత్రిలో ఉన్నాడు. నోటరీ రిజిస్టరు తెప్పించి చూస్తే ఆ వరసలో అతని సంతకం లేదు. బోనులో తాతయ్యను అడిగారు, "ఆ రోజు మీ భాగస్తుడు నోటరీ ఎదుటికి వచ్చాడా?" అని. ఆయన ఒక్క క్షణం కూడా ఆగలేదు. "రాలేదండీ" అన్నాడు. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు.

దాంతో కాగితం బలం పోయింది. సంతకం అతనిదేనని వేరే దారిలో రుజువు చేయొచ్చు. కానీ సాక్షి సంతకం చేసిన ఇద్దరిలో ఒకరు చనిపోయారు, రెండో మనిషి అటు పక్షం చేరాడు. డబ్బు చేతికే ఇచ్చాడు కాబట్టి బ్యాంకు లెక్క కూడా లేదు. నేను చూశానంటే, కొడుకు మాటే కదా అన్నారు. వాయిదాలు తిరిగి తిరిగి చివరికి రాజీ పడ్డారు. ఒకసారి ఇచ్చిన డబ్బులో చాలా భాగం తాతయ్య మళ్లీ కట్టాడు. కాగితంలో రాసిందంతా నిజమే అమ్మలూ. దాని మీద పడిన ముద్ర ఒక్కటే అబద్ధం. ఆ అబద్ధం నిజాన్నంతా మింగేసింది.

ఆ కేసు నడిచిన రోజుల్లోనే నేను ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేరాను. మీ నాన్న అప్పటికి పసివాడు, వాడికి ఇదంతా తెలియదు. అందుకే కొరియర్ అని అంత తేలిగ్గా అనగలిగాడు. వాడి మీద నిన్న కాస్త గట్టిగానే అరిచాను. నువ్వు వాణ్ని ఏమీ అనకు.

ఆ అమ్మాయిని రానివ్వు. ఒక నెల ఆలస్యమైనా పరవాలేదు. ఇద్దరూ కలిసి వెళ్లండి, ఇద్దరూ నోటరీ ఎదుటే సంతకం చెయ్యండి, రిజిస్టరులో కూడా సంతకాలు పెట్టండి. పత్రం మీద వేసిన వరస నంబరు, తేదీ, రిజిస్టరులో ఉన్నవీ ఒకటేనా అని చూసి విడిగా రాసి పెట్టుకో. ముద్ర గుండ్రంగా, 5 సెంటీమీటర్ల వ్యాసంతో ఉండాలి. అందులో నోటరీ పేరు, ఆయన పనిచేసే ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు, నియమించిన ప్రభుత్వం పేరు కనబడాలి. నోటరీ స్టాంపు అంటించారో లేదో కూడా చూడు. "మనిషి రాకపోయినా పరవాలేదు" అని ఎవరైనా అంటే ఆ గుమ్మం దిగి వచ్చెయ్.

రెండో భయం, నోటరీనే రిజిస్ట్రేషన్ అనుకోవడం. మీ భాగస్వామ్య ఒప్పందానికి నోటరీ చేయించినంత మాత్రాన సంస్థ రిజిస్టరు అయినట్టు కాదు. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించండి. నమోదు తప్పనిసరి కాదని ఎవరైనా చెబితే అది నిజమే, కానీ 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం, నమోదు కాని సంస్థ ఒప్పందం ప్రకారం రావలసిన బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టినవాణ్ని ఏమీ చేయలేక కూర్చోవాలి. గోడౌను అద్దె గడువు ఏడాది దాటితే దానికీ సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. స్థలం కొనే రోజు వస్తే (వస్తుంది, నాకు నమ్మకం ఉంది) నోటరీ అగ్రిమెంటు, జనరల్ పవర్ (అన్ని పనులూ తన తరఫున చేయమని ఇచ్చే అధికార పత్రం) పట్టుకుని కొన్నామనుకోవద్దు. అలాంటి కాగితాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

మీలో ఒకరు ఊళ్లో లేనప్పుడు పని జరగడానికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చుకుందామనుకుంటున్నారట. ఇవ్వు, కానీ జనరల్ పవర్ వద్దు. ఏ బ్యాంకు, ఏ పని, ఏ తేదీ వరకు అన్నది విడమరిచి రాయించు. రద్దు చేసుకుంటే ఆ సంగతి ఆ అమ్మాయికే కాదు, బ్యాంకుకూ రాతపూర్వకంగా చెప్పాలి. నీ స్నేహితురాలి మీద అనుమానంతో ఇలా అంటున్నానని అనుకోకు. తాతయ్యకూ స్నేహితుడితో ఏ పేచీ రాలేదు, పేచీ వచ్చింది ఆ తర్వాతి తరంతో.

విదేశానికి పంపే పత్రాలకు నోటరీ ముద్ర ఒక్కటే చాలకపోవచ్చు. కొనుగోలుదారు దేశం 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉంటే అపోస్టిల్ (పత్రం మీది సంతకం, ముద్ర అసలైనవేనని ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) అడుగుతారు. మన దగ్గర అది 2005 నుంచి అమల్లో ఉంది, విదేశాంగ శాఖ వేస్తుంది. వ్యాపార పత్రాలైతే ముందు వాణిజ్య మండలి (చాంబర్ ఆఫ్ కామర్స్) ధ్రువీకరణ కావాలి. ఆ దేశం ఒప్పందంలో లేకపోతే వాళ్ల రాయబార కార్యాలయం దాకా వెళ్లాలి. ఏ కాగితానికి ఏది కావాలో కొనుగోలుదారు చేత ముందే మెయిల్లో రాయించుకో. లేకపోతే ఒకే పత్రం కోసం మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

డ్రాఫ్టులన్నీ ఈలోగా నాకు పంపు. అక్షరాలు పెద్దవి చేసి ప్రింటు తీయించి పంపు తల్లీ, ఫోన్లో చదవలేను. ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపిస్తాను. ఆ అమ్మాయి ఏ రోజు వస్తుందో కూడా చెప్పు. మీ ఇద్దరితో పాటు నేనూ వస్తాను.

ప్రేమతో,
పెదనాన్న